స్పోర్ట్స్ కారును వేగంతోనే కొలవకండి

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ పత్రిక అనుబంధంలో స్పోర్ట్స్ కార్లపై వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. అయితే వ్యాసంలో ప్రతి కారు గురించీ మూడే విషయాలు చెప్పారు: ధర ఎన్ని కోట్లు, ఇంజన్‌కు ఎన్ని హార్స్‌పవర్, గంటకు ఎన్ని కిలోమీటర్లు పోగలదు. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో చాలాకాలంగా వీల్ అలైన్‌మెంట్ షాపు నడుపుతున్న నాకు, కారు నడపడం మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లతో రోజూ మాట్లాడే అవకాశం ఉంటుంది. వాళ్లు స్పోర్ట్స్ కారు మీద మనసు పారేసుకోవడానికి ఆ మూడింటిలో ఏదీ అసలు కారణం కాదని నా అభిప్రాయం. కారణం వేరే ఉంది. దాన్ని అర్థం చేసుకోవడానికి కాస్త యంత్రం లోపలికి వెళ్లాలి.

ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డు ఎక్కింది ఫెరారీ కాదు, లంబోర్గినీ కాదు, మాజ్డా ఎంఎక్స్-5. మన వైపు మాజ్డా అంటే స్వరాజ్ మాజ్డా వ్యానులూ మినీ బస్సులే గుర్తుకొస్తాయి కనుక ఈ సంగతి చాలామందికి వింతగా తోస్తుంది. 1989లో షికాగో మోటార్ షోలో ఆ కారును తొలిసారి చూపించినప్పుడు దానికి ఉన్నది 1.6 లీటర్ల ఇంజన్, దాదాపు 115 హార్స్‌పవర్, బరువు ఇంచుమించు ఒక టన్ను. ఈరోజు విజయవాడ, గుంటూరు మధ్య తిరిగే మామూలు టర్బో పెట్రోల్ కారుకు కూడా అంత శక్తి ఉంటుంది. అయినా 2016 నాటికి ఎంఎక్స్-5 కార్లు పది లక్షలు తయారయ్యాయంటే, కొన్నవాళ్లు పికప్ చూసి కొనలేదన్నది స్పష్టమే. ఇంజన్ ముందు, తోపు వెనక చక్రాలకు, బరువు ముందు వెనకలకు దాదాపు సమానంగా, ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి రెండు చేతులతో విడిగా పట్టి ఉంచే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, మణికట్టు కదిలిస్తే చాలు పడే పొట్టి గేర్ రాడ్డు: వాళ్లు డబ్బు పెట్టి కొన్నది వీటిని.

వీటన్నిటికీ మూలం బరువు తక్కువగా ఉండటం. ఇంగ్లండ్‌లో స్పోర్ట్స్ కార్లు తయారుచేసే లోటస్ సంస్థను స్థాపించిన కోలిన్ చాప్‌మన్ జీవితమంతా కారులోంచి బరువు తీసివేసే పనిలోనే ఉన్నాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1996లో ఆ సంస్థ అమ్మకానికి తెచ్చిన ఎలీజ్ కారు బరువు 725 కిలోలు. దాని చట్రాన్ని అల్యూమినియం ముక్కలను వెల్డింగ్‌తో కాకుండా ప్రత్యేకమైన జిగురుతో అతికించి తయారు చేశారు. ఇంజన్ శక్తి 118 హార్స్‌పవర్ మాత్రమే, అంటే లెక్కేస్తే టన్నుకు 160కి పైగా పడుతుంది. 1,700 కిలోల బరువు, 170 హార్స్‌పవర్ ఉన్న పెద్ద ఎస్‌యూవీకి అదే లెక్క వేస్తే టన్నుకు 100 వస్తుంది. ఎక్కువ శక్తి ఉన్న బండి ఎందుకు మందకొడిగా అనిపిస్తుందో ఇక్కడే తెలుస్తుంది. అయితే తేలికదనం వల్ల వచ్చే అసలు లాభం పికప్‌లో కంటే బ్రేకు దగ్గరా మలుపు దగ్గరా కనిపిస్తుంది. ఎందుకంటే ఇంజన్ శక్తి పెంచితే పికప్ ఒక్కటే పెరుగుతుంది, బరువు తగ్గిస్తే పికప్పు, బ్రేకు, మలుపు, టైరు మన్నిక అన్నీ ఒకేసారి మెరుగవుతాయి. పాత మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. నలభైలోపు హార్స్‌పవర్‌తోనే ఆ చిన్న బండి సందుల్లో అంత చురుగ్గా ఎలా తిరిగేదో ఆలోచించినవారికి చాప్‌మన్ సిద్ధాంతం సగం అర్థమైనట్టే.

బరువు ఎంత అన్నదానితోపాటు ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. కావడి భుజాన వేసుకున్నవాడు గబుక్కున పక్కకు తిరగలేడు. తిరిగాక ఆగడమూ కష్టమే. అదే బరువును పొట్టకు ఆనించి పట్టుకుంటే సులువుగా తిరుగుతాడు. అన్నిటికంటే బరువైన ఇంజన్‌ను సీట్ల వెనక, వెనక ఇరుసుకు ముందు, అంటే కారు నడుమ పెట్టడం వెనక ఉన్న సూత్రం ఇదే. ఎలీజ్ అలాంటిదే. దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచింది పోర్షె 911. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనిపించిన నాటి నుంచి దాని ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనకే వేలాడుతోంది. పాత 911లలో మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు హఠాత్తుగా తీస్తే బరువు ముందుకు జరిగి, వెనక టైర్లు పట్టు వదిలి, కారు గిర్రున తిరిగేది. పుస్తకం ప్రకారం ఇది లోపం. కానీ ముందు భాగం తేలికగా ఉండటం వల్ల స్టీరింగ్‌లో వచ్చే సున్నితత్వం, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు వెనక చక్రాల మీద ఉన్న బరువు వల్ల దొరికే పట్టు, ఈ రెండింటి కోసం డ్రైవింగ్ అభిమానులు ఆ లోపాన్ని సొంతంగా నేర్చుకుని లోబరుచుకున్నారు. నేర్చుకుంటే తప్ప లొంగని బండి మీద వారికి ఉండే మమకారం, ఎవరికైనా ఇట్టే లొంగే బండి మీద ఉండదు. ఇంజనీర్లు దశాబ్దాల తరబడి ఆ స్వభావాన్ని మచ్చిక చేస్తూ వచ్చారే తప్ప ఇంజన్‌ను అక్కడి నుంచి కదిలించలేదు.

ఇక స్టీరింగ్ గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నందుకు మన్నించాలి, నా వృత్తి అదే. మా షాపులో మేము చూసే కోణాల్లో కాస్టర్ ఒకటి. పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ గీత చుట్టూ పక్కకు తిరుగుతుందో ఆ గీత పైభాగం కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల టైరు నేలను తాకే చోటు, ఆ గీతను పొడిగిస్తే నేలను తాకే బిందువుకు వెనకగా పడుతుంది. అందుకే మలుపు తిప్పి చేయి సడలిస్తే స్టీరింగ్ తనంతట తాను తిన్నగా వస్తుంది. మలుపులో వేగం పెరిగే కొద్దీ ఆ ఎదురుతోపు బరువెక్కుతుంది. అసలు విషయం ఆ తర్వాత ఉంది. టైరు తన పట్టు చివరి హద్దుకు చేరువవుతున్నప్పుడు, ఇంకా జారకముందే, రబ్బరు నేలను పట్టుకున్న భాగంలో ఒత్తిడి మారి ఆ ఎదురుతోపు కొద్దిగా తగ్గుతుంది. చేతిలోని స్టీరింగ్ రవ్వంత తేలికవుతుంది. ఇక్కడితో ఆపు అని టైరు ముందుగా ఇచ్చే హెచ్చరిక ఇది. మంచి స్పోర్ట్స్ కారులో ఆ రవ్వంత తేడా వేళ్లకు తెలుస్తుంది. రోజువారీ కార్లలో పార్కింగ్ సులువుగా ఉండాలని స్టీరింగ్‌ను ఎంత మెత్తబరుస్తారంటే, ఆ కబురు చేతిదాకా రాకముందే మాయమవుతుంది. 2011లో వచ్చిన 911 తరంలో హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ తీసేసి ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెట్టినప్పుడు, కారు అన్ని విధాలా వేగవంతమైనా సరే, అభిమానులు గట్టిగా అభ్యంతరం చెప్పింది ఇందుకే.

గేర్ల విషయంలో జరిగింది ఇంకా ఆసక్తికరం. 2013లో పోర్షె 911 జీటీ3ని కేవలం ఆటోమేటిక్ తరహా రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్‌తోనే విడుదల చేసింది. మనిషి చేయి ఎంత చురుకైనదైనా అంత వేగంగా గేరు మార్చలేదు కనుక, పందెం కోసం పుట్టిన కారుకు అదే సరైనదని కంపెనీ లెక్క. కొనేవాళ్ల లెక్క అది కాదు. 2016లో మాన్యువల్ గేర్లతో మాత్రమే 991 కార్లు తయారుచేసి 911 ఆర్ పేరుతో అమ్మితే వాటికోసం ఎగబడ్డారు. 2017లో జీటీ3కి కూడా మాన్యువల్ గేర్లు తిరిగి వచ్చాయి. అర సెకను ఆలస్యమైనా క్లచ్ తొక్కి, ఇంజన్ ఆర్‌పీఎం సరిచూసి, గేరు తామే వేయాలని, నెమ్మదైన యంత్రాన్ని ఏరికోరి ఎంచుకున్న ఆ కొనుగోలుదారులను ధర, హార్స్‌పవర్, వేగం అన్న మీ పట్టిక ఎలా వివరిస్తుంది?

టైర్ల సంగతి కూడా చెప్పాలి. ఆటోనగర్‌కు వచ్చే కుర్రవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది వెడల్పు టైర్లు, కిందికి దించిన స్ప్రింగులు, గోల చేసే సైలెన్సర్. స్ప్రింగులు దించితే చక్రం నిలువునా ఎంత ఒరిగిందో చెప్పే కాంబర్ కోణం మారి టైర్లు లోపలి అంచున అరిగిపోతాయని, మన స్పీడ్ బ్రేకర్లకు ఇంజన్ కింద ఉండే ఆయిల్ ఛాంబర్ తగులుతుందని, సైలెన్సర్‌కు పోలీసులు చలానా రాస్తారని చెబుతాను, కొందరు వింటారు. ఇక వెడల్పు టైర్ల విషయానికి వస్తే, 2012లో టొయోటా, సుబారు కలిసి తెచ్చిన 86 అనే స్పోర్ట్స్ కారుకు కంపెనీ అమర్చిన టైర్లు, అదే టొయోటా వారి ప్రియస్ హైబ్రిడ్ కారుకు వాడే రకం. ఖర్చు తగ్గించడానికి చేసిన పని కాదది. సన్నని, పట్టు తక్కువ టైర్లయితే మామూలు వేగంలోనే కారు తన హద్దును చేరుతుంది, జారడం మెల్లగా మొదలవుతుంది, నడిపేవాడు దాన్ని గుర్తించి సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. పట్టు ఎక్కువున్న వెడల్పు టైర్లు వదిలే సమయానికి వేగం ఎంతో పెరిగిపోయి ఉంటుంది, వదలడం ఒక్కసారిగా జరుగుతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్ రోడ్డులో పరిమితికి లోబడి నడిపినా ఆనందం ఇచ్చే కారు ఏదంటే, నేను కోట్ల రూపాయల బండి పేరు చెప్పను. ఆ బండి అక్కడ నిద్రమత్తులో ఉంటుంది. దాని శక్తిలో పదో వంతు వాడటానికి కూడా ఆ మలుపుల్లో చోటు ఉండదు.

మీ వ్యాసం మీద నా అభ్యంతరం కేవలం అభిరుచికి సంబంధించినది కాదు. స్పోర్ట్స్ కారు అంటే గరిష్ఠ వేగం అని పత్రికలు పదేపదే రాస్తే, చదివిన పిల్లవాడు ఆ గొప్పతనాన్ని కనకదుర్గ ఫ్లైఓవర్ మీదా, మంగళగిరి వైపు హైవే మీదా వెతుక్కుంటాడు. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారిపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. వేగం 60 నుంచి 120కి, అంటే రెట్టింపుకు పెరిగితే బ్రేకులు మింగవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ లెక్క తప్పించుకునే కారు ఏ దేశంలోనూ లేదు. రోడ్డు మీద అనుమతి లేకుండా పందేలు నడిపితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, మొదటి తప్పుకే మూడు నెలల దాకా జైలు పడవచ్చు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నడిపి వచ్చిన కుర్రవాళ్లు కొందరు నాకు తెలుసు. వెళ్లేముందు సైలెన్సర్ గురించి మాట్లాడినవాళ్లే తిరిగొచ్చాక బ్రేక్ ప్యాడ్ల గురించీ, టైర్లలో గాలి గురించీ, పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చెప్పే టో కోణం గురించీ అడుగుతారు.

ఇదంతా మనకు సంబంధం లేని విదేశీ వ్యవహారం అనుకోనక్కరలేదు. ఒకప్పుడు మద్రాసులో తయారై మన ఊళ్లలోనూ తిరిగిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు చట్రాన్నే పొట్టి చేసి, 1962లో ఇంగ్లండ్‌లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే ప్రసిద్ధ స్పోర్ట్స్ కారును తయారు చేశారు. అదే చట్రం మనకు డాక్టరు గారి కారు అయింది, వాళ్లకు కుర్రకారు సరదా అయింది. తర్వాత 1990ల చివర గోవాలో శాన్ స్టార్మ్ పేరుతో చిన్న రెండు సీట్ల కారు ఒకటి తయారైంది, నిలదొక్కుకోలేదు. ఇప్పుడు పన్నుల తీరు కూడా అడ్డమే: పొడవు నాలుగు మీటర్ల లోపు ఉన్నా, పెట్రోల్ ఇంజన్ 1,200 సీసీ దాటితే చిన్న కారు రాయితీ వర్తించదు. ప్రస్తుత ఎంఎక్స్-5 పొడవు 3.9 మీటర్లే, ఇంజన్ కనీసం 1.5 లీటర్లు కనుక, ఒకవేళ ఇక్కడ తయారైనా అది పెద్ద కార్ల వరుసలోనే నిలబడాలి. తేలికైన సరదా కారు మన మార్కెట్‌లో ఎందుకు లేదని అడిగేవారికి ఇది సగం జవాబు. మిగతా సగం మన గోతులు.

కాబట్టి మీ ఆటో శీర్షిక రాసేవారికి నా విన్నపం ఇది. ఇకపై ఏ కారును పరిచయం చేసినా దాని బరువు ఎంత, ఆ బరువు ముందు వెనక చక్రాల మధ్య ఎలా పంచుకుంది, 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి ఎన్ని మీటర్లు పట్టింది, స్టీరింగ్ మలుపులో చేతికి ఏమైనా తెలియనిచ్చిందా అన్నవి తప్పకుండా రాయండి. గరిష్ఠ వేగం అంకె వేయడానికి చోటు చాలకపోతే దాన్ని వదిలేయండి. కొలతలకు యంత్రం కావలసి వస్తే, చక్రాల కింద తూకాలు పెట్టి బరువు పంపకం చూపించడానికి నేను సిద్ధం; ఆదివారం తప్ప ఏ రోజైనా ఆటోనగర్ రావచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జవహర్ ఆటోనగర్, విజయవాడ