ప్రొటీన్ డైట్‌కు ముందు కిడ్నీ పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

బరువు తగ్గేందుకు అన్నం పూర్తిగా మానేసి కోడిమాంసం, గుడ్లు, ప్రొటీన్ పొడులతో సరిపెట్టుకునే అలవాటు హైదరాబాద్‌లో బాగా పెరిగింది. ఇందులో మేలు లేదనలేము. మాంసకృత్తులు (ప్రొటీన్లు) తింటే త్వరగా ఆకలి వేయదు. వాటిని అరిగించుకోవడానికి శరీరం పిండిపదార్థాలకంటే ఎక్కువ శక్తిని ఖర్చు చేస్తుంది. పైగా తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోకుండా అవి కొంతవరకు కాపాడతాయి. కంచం నిండా అన్నం, దానిపై ఒక గరిటె పల్చని పప్పుచారుతో భోజనం ముగించే మన ఇళ్లలో ఆ మేరకు మార్పు అవసరమే.

అయితే అన్నం, రొట్టె మానేసిన తొలి రోజుల్లో తగ్గే బరువులో చాలా భాగం నీరేనన్న సంగతి (శరీరం దాచుకున్న పిండిపదార్థం, అంటే గ్లైకోజెన్ నిల్వలు తరిగినప్పుడు వాటితో ఉన్న నీరూ పోతుంది) జిమ్ ప్రకటనల్లో కనిపించదు. కూరగాయలు, ముడిధాన్యాలు తగ్గితే పీచు చాలక మలబద్ధకం వస్తుంది. అన్నిటికంటే ఆలోచించవలసింది మాంసకృత్తుల వ్యర్థాలను వడకట్టే మూత్రపిండాల గురించి. ఆరోగ్యవంతుల మాట ఎలా ఉన్నా, మధుమేహం, రక్తపోటు ఉన్నవారిలో కిడ్నీ జబ్బు ఏ లక్షణమూ చూపకుండానే మొదలుకావచ్చు కనుక, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోకుండా ఈ ఆహారానికి దిగడం దుస్సాహసమే.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. కండలు పెంచుకునేందుకు ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని అదే సంస్థ 2024 మార్గదర్శకాల్లో సూచించింది. ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మేవారే ఆహార సలహాలూ ఇచ్చే పద్ధతిపై ఆహార భద్రతా అధికారులు దృష్టి పెట్టాలని మనవి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్