వార్షిక నివేదిక 2024–25: పండుగలు, తెలుగు బడి, ఈవుడ్ పార్క్ వాయిదాలు

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదికోసారి కార్యదర్శి సభ్యుల ముందు లెక్క అప్పజెప్పాలని మన నియమావళి చెబుతోంది. 2024 ఆగస్టు నుంచి 2025 జూలై వరకు జరిగిన పనుల వివరాలివి.

పండుగల గురించి ఎక్కువ రాయను. అందరూ వచ్చారు, ఫోటోలు కూడా చూశారు. మనం ఉండే ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో తంగేడు దొరకదు కాబట్టి బతుకమ్మను ఈసారి కూడా చామంతులతోనే పేర్చాం. సంక్రాంతికి తీసుకున్న హాలులో హీటర్ పనిచేయక, ముగ్గుల పోటీ న్యాయనిర్ణేతలు కోట్లు వేసుకునే మార్కులు వేశారు. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు ఎండబెట్టి తెచ్చిన అమ్మమ్మగారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. తెలుగు బడి ఆదివారాలు నడుస్తోంది. గుణింతాల దగ్గరికి వచ్చేసరికి పిల్లలు తగ్గిపోతున్నారు, ఇది పాత రోగమే. జమాఖర్చుల పట్టీ కోశాధికారిగారు విడిగా పంపారు. సందేహాలుంటే సర్వసభ్య సమావేశంలో ఆయననే అడగండి, నన్ను కాదు.

మిగిలిన నివేదికంతా ఒక్క విషయం మీదే. సాంస్కృతిక సంఘానికి ఫుట్‌బాల్ గొడవ ఎందుకని కొందరు సభ్యులు ఇదివరకే అడిగారు. జూన్ కార్యవర్గ సమావేశంలో మూడు గంటలు మాట్లాడుకున్నది దీని గురించే గనుక, నమోదు చేయడం నా విధి.

ఈ ఊరి ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్ మ్యాచ్‌లకు మన సంఘం నుంచి ఒక చిన్న బృందం కొన్నేళ్లుగా వెళుతోంది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు, కంప్యూటర్ ఉద్యోగులు, నాలాంటి పద్దుల మనిషి, పిల్లలు కలిసి ఆ క్లబ్ మైదానం ఈవుడ్ పార్క్‌లో ఒక వరుస నింపుతాం. అక్కడ మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "క్లబ్‌ను కొన్నది మీవాళ్లే కదా?"

అడిగేవారికి పుణే ఎక్కడో, హైదరాబాద్ ఎక్కడో తెలియదు. మనకు తెలుసు కాబట్టే ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. క్లబ్ యజమానులైన వెంకీస్‌ది వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం. 1971లో డాక్టర్ బి.వి. రావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన కోళ్ల వ్యాపారమే తర్వాత పుణే కేంద్రంగా పెరిగింది. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ఏర్పడటానికి ముందు నిలిచింది కూడా ఆయనే. మనలో చాలామంది చిన్నప్పుడు పేపర్లో రోజూ చూసిన 'నెక్' గుడ్డు ధర ఆ సంఘం ప్రకటించేదే. ఆయన సంతానం అనురాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావులు 2010 నవంబర్‌లో 23 మిలియన్ పౌండ్లకు ఈ క్లబ్‌ను కొన్నారు. అప్పులు అదనం.

వాళ్లు కొన్నది ఎలాంటి క్లబ్బో కొత్త సభ్యుల కోసం రెండు మాటలు. 1875లో పుట్టింది. 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లో మొదటి పన్నెండు క్లబ్‌లలో ఒకటి. ఎఫ్.ఏ. కప్పు ఆరుసార్లు గెలిచింది. ఉక్కు వ్యాపారంలో సంపాదించిన స్థానికుడు జాక్ వాకర్ తన డబ్బు దీని మీద కుమ్మరిస్తే, కెన్నీ డాల్గ్లిష్ మేనేజర్‌గా, అలన్ షియరర్ 34 గోల్స్‌తో 1995లో దేశంలోని అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్ గెలిచారు. ఆఖరి రోజు లివర్‌పూల్ చేతిలో ఓడిపోయి కూడా ఛాంపియన్లయ్యారు, ఎందుకంటే అదే సమయంలో మాంచెస్టర్ యునైటెడ్ వెస్ట్‌హామ్‌ను ఓడించలేకపోయింది. మిల్లులు మూతపడిన ఊరికి ఆ కప్పు ఏమిటో ఇక్కడి వాళ్ల గోడల మీది ఫోటోలు చూస్తే అర్థమవుతుంది.

కొత్త యజమానులు వచ్చి నెల తిరగకముందే మేనేజర్ శామ్ అలర్డైస్‌ను తీసేశారు. అనుభవం లేని స్టీవ్ కీన్‌ను కూర్చోబెట్టారు. ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని కోడి కాళ్లు తింటున్నట్టు ఒక టీవీ ప్రకటన తీశారు. 2012 మే 7న విగన్‌తో మ్యాచ్‌లో ఎవరో రోవర్స్ జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలారు. ఆ రాత్రే జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. 2012–13 సీజన్ ఒక్కదానిలోనే ఒక మేనేజర్‌కు 57 రోజులు, మరొకరికి 67 రోజులు దక్కాయి. 2017లో జట్టు మూడో శ్రేణికి జారింది. టోనీ మౌబ్రే ఒక్క ఏడాదిలో పైకి లాగాడు, కానీ ప్రీమియర్ లీగ్ ముఖం మళ్లీ చూడలేదు.

ఇంతవరకు ఇది చేతగానితనం కథ. ఇలాంటివి ఫుట్‌బాల్‌లో కోకొల్లలు. మన బృందాన్ని, నిజానికి ఊరంతటినీ కుదిపింది తర్వాతి అధ్యాయం.

డబ్బు వచ్చే దారి ఇది. భారతదేశంలోని మాతృసంస్థ నుంచి వెంకీస్ లండన్ అనే కంపెనీకి, అక్కడి నుంచి క్లబ్‌కు. రోవర్స్ తన ఆదాయంతో తాను బతికే క్లబ్ కాదు. ఏటా పెద్ద మొత్తం యజమానులు పోస్తేనే జీతాలు. మాతృసంస్థ విదేశాలకు పంపిన డబ్బు విషయంలో విదేశీ మారకద్రవ్య చట్టం, అంటే ఫెమా కింద ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ విచారణ మొదలుపెట్టింది. దాంతో క్లబ్‌కు డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసి వచ్చింది. అనుమతించినప్పుడు కూడా కోర్టు అంతే మొత్తానికి బ్యాంకు హామీ పెట్టమంది. మన భాషలో చెప్పాలంటే, నూరు రూపాయలు చేతికివ్వాలంటే ఇంకో నూరు బ్యాంకులో కట్టేసి ఉంచాలి. విచారణ ఉన్నంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు, ఆ సంగతి తేల్చేది కోర్టులే. కానీ తేలేలోపు నెలలు గడుస్తాయి, ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఉండే బదిలీల కాలం మాత్రం ఆగదు.

మా ముందు వరుసలో ఒక పెద్దాయన కూర్చుంటాడు. చేతిలో థర్మాస్, మెడకు 1995 నాటి నీలం-తెలుపు మఫ్లర్. అంచులు దారాలు లేచిపోయాయి, అయినా కొత్తది కొనడు. 2023లో ఒక చలి సాయంత్రం విరామంలో వెనక్కి తిరిగి, ఢిల్లీలో ఇవాళ మళ్లీ వాయిదా పడిందట, అసలు ఎందుకు పడతాయి అని నన్ను అడిగాడు. భూమి కేసులో మా తాతగారు పాతికేళ్లు కోర్టుకు తిరిగిన సంగతి చెప్పాను. దీనికి మీ భాషలో ఒక మాట ఉంటుందా అన్నాడు. 'వాయిదా' అన్నాను. రెండు మూడుసార్లు నోట్లో తిప్పి చూసుకున్నాడు. అప్పటి నుంచి వార్త వచ్చిన ప్రతిసారీ మెట్లెక్కుతూనే నావైపు చూసి ఒకే మాట అంటాడు: "వాయిదా?" నేను తల ఊపుతాను. తెలుగు బడిలో మూడేళ్లు చదివిన మన పిల్లల్లో కొందరి కంటే ఉచ్చారణ బాగుందని చెప్పక తప్పదు.

డబ్బు అందని కాలంలో ఏమవుతుందో 2024 ఫిబ్రవరి 1న చూశాం. బ్లాక్‌బర్న్‌లోనే పుట్టి, ఆరేళ్ల వయసు నుంచి ఈ క్లబ్‌లోనే పెరిగిన ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు 18 మిలియన్ పౌండ్లకు అమ్మేశారు. కొన్ని నెలలకే ఆ కుర్రాడు ఇంగ్లండ్ జట్టుతో యూరో కప్పుకు వెళ్లాడు. అదే రోజు జట్టులో చేరవలసిన అమెరికా ఆటగాడు డంకన్ మెక్‌గ్వైర్ ఇక్కడిదాకా విమానంలో వచ్చాడు. కాగితాలు సరిగా దాఖలు కాలేదని లీగ్ ఒప్పుకోకపోవడంతో తిరిగి వెళ్లిపోయాడు. అంతకు ఏడాది ముందు లూయిస్ ఓబ్రియన్ విషయంలోనూ గడువు దాటాక కాగితాలు చేరాయి. ఇంట్లో పెళ్లి పెట్టుకుని పత్రికలు అచ్చు వేయడం మరిచిపోయినవాళ్లు ఒకసారైతే నవ్విస్తారు, రెండోసారికి ఎవరూ నవ్వరు.

ఈ నివేదిక కాలానికి వస్తే, సీజన్ మొదట్లోనే సామీ స్మోడిక్స్‌ను ఇప్స్‌విచ్‌కు అమ్మేశారు. అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో 27 గోల్స్ కొట్టి, ఆఖరి రోజు లెస్టర్‌లో రెండు గోల్స్‌తో జట్టును గట్టెక్కించింది అతనే. అయినా మేనేజర్ జాన్ యూస్టస్ జట్టును ప్రీమియర్ లీగ్‌కు చేరే అవకాశమిచ్చే పై ఆరు స్థానాల పోటీలో నిలబెట్టాడు. ఫిబ్రవరిలో ఆయన కూడా పట్టిక అడుగున కొట్టుమిట్టాడుతున్న డెర్బీకి వెళ్లిపోయాడు. పైనున్న క్లబ్‌ను వదిలి కిందున్న క్లబ్‌కు ఒక మేనేజర్ ఎందుకు వెళతాడో పెద్దాయన నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి 66 పాయింట్లతో ఏడో స్థానం. ఆరో స్థానంలోని బ్రిస్టల్ సిటీకి 68. మే నెలలో మహిళల జట్టును రెండో శ్రేణి లీగ్ నుంచి ఉపసంహరించుకున్నారు. మన బృందంలో పన్నెండేళ్ల పాప ఒకతి ఆ జట్టు చొక్కా వేసుకుని తెలుగు బడికి వచ్చేది. ఇప్పుడు వేసుకోవడం లేదు.

జూన్ సమావేశానికి ముందు నడిచిన తగవు ఇదే. యజమానులకు మనం, తెలుగువాళ్లంగా, ఒక ఉత్తరం రాయాలని బృందం కోరింది. కార్యవర్గంలో ఒక వర్గం గట్టిగా అడ్డు చెప్పింది. ఇన్నేళ్లలో 200 మిలియన్ పౌండ్లకు పైగా పోశారు, ఇంకెవరు పోస్తారు, మనవాళ్లను మనమే బజారులో పెట్టుకోవడమా అన్నారు. బరీ సంగతి చూడమన్నారు. మనకు గంట దూరం కూడా లేని ఆ క్లబ్‌ను డబ్బులేని యజమాని చేతిలో పడినందుకు 2019 ఆగస్టులో లీగ్ నుంచే వెలివేశారు. రెడింగ్ క్లబ్‌లో చైనా యజమాని కాలంలో జీతాలు ఆలస్యమై పాయింట్లు కోత పడి, 2024 జనవరిలో అభిమానులు మైదానంలోకి దిగి మ్యాచ్‌నే ఆపేశారు. వాటితో పోలిస్తే రోవర్స్ బతికే ఉంది కదా అని వాళ్ల వాదన. ఇందులో నిజం లేకపోలేదు.

రెండో వర్గం చెప్పింది వేరు. ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన ఏడాది మన పిల్లలను బడిలో కోడికూతలతో ఏడిపించారు. ఆ మాటలు మనం పడ్డాం కాబట్టి ప్రశ్న అడిగే హక్కు కూడా మనకు ఉంది అన్నారు. పైగా ఈ ఊరివాళ్లలో ఎక్కువమంది కోపాన్ని యజమానుల దాకానే ఉంచారు, మన దాకా రానివ్వలేదు. దానికి బదులుగా మనం నోరు మూసుకుని కూర్చుంటే ఎలా?

నా అభిప్రాయం అడిగారు, చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. ఈ ఊరి ఫిర్యాదు డబ్బు గురించి కాదు. ఢిల్లీ కోర్టు గురించి కూడా కాదు. యజమానులు ఏళ్లుగా ఈవుడ్ పార్క్ గడప తొక్కలేదు. క్లబ్‌ను ఎందుకు ఉంచుకున్నారో, ఎటు తీసుకెళ్లాలనుకుంటున్నారో వాళ్ల నోటి నుంచి వినాలని జనం ఎదురుచూస్తున్నారు. నెలనెలా డబ్బు పంపుతూ, ఊరి ముఖం చూడని కొడుకు మీద తల్లిదండ్రులకు ఉండే బాధ అది. డబ్బు అందింది కదా అంటే వాళ్లు ఔననే అంటారు, ముఖం మాత్రం పక్కకు తిప్పుకుంటారు. ఈ పోలిక సమావేశంలో చెప్పగానే గది నిశ్శబ్దమైపోయింది. మనలో ఎవరు ఎంత కాలం నుంచి ఊరు వెళ్లలేదో ఎవరికి వాళ్లు లెక్క వేసుకున్నట్టున్నారు. నేనూ వేసుకున్నాను. ఆరేళ్లు.

ఓటు తీస్తే సరిసమానంగా వచ్చింది. అందుకే ఉత్తరం పంపకుండా సర్వసభ్య సమావేశానికి వదిలేశాం. ముసాయిదా ఒక పేజీ. కోడి అనే మాట ఎక్కడా లేదు, విచారణ మీద తీర్పూ లేదు. ఢిల్లీలో కేసు ఎప్పటికి తేలినా, ఈలోగా క్లబ్ ఖర్చులకు ఏ ఏర్పాటు ఉందో అభిమానులకు చెప్పమని, మహిళల జట్టు విషయం మళ్లీ ఆలోచించమని, ఒక్క మ్యాచ్‌కైనా వచ్చి జనంతో మాట్లాడమని కోరాం. ఉత్తరం ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ ఉంది. తెలుగు ప్రతి ఎందుకని అడిగిన సభ్యులకు జవాబు: గుడ్డు ధర తెలుగులో చదువుకున్న ఇంటివాళ్లకు తెలుగులో రాస్తే బాగుంటుందని.

జూలై 21న ఫుట్‌బాల్ పాలనా చట్టానికి రాజు ఆమోదం లభించింది. ఆ చట్టం ఇంగ్లండ్ క్లబ్‌ల మీద ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది, యజమానుల అర్హతను, వాళ్ల డబ్బు మూలాన్ని ప్రశ్నించే అధికారం దానికి ఉంటుంది. ఉత్తరం వద్దనే సభ్యులు ఇక అంతా ఆ సంస్థే చూసుకుంటుందని వాదించవచ్చు. కావాలనే సభ్యులు, దానికి కూడా ఒక ప్రతి పంపుదామని అనవచ్చు. రెండూ చర్చకు పెడతాం.

కొత్త సీజన్ టికెట్ల బృందంలో చేరేవారు వారం లోపల పేర్లు ఇవ్వాలి. పిల్లల టికెట్లకు ఈ ఏడాది కూడా సంఘం సగం భరిస్తుంది, దీని మీద కోశాధికారిగారి అభ్యంతరం నమోదైంది. సర్వసభ్య సమావేశం తర్వాత భోజనాలు. వంటల జాబితాలో కోడిగుడ్డు పులుసు ఉంది, ఆ జాబితా జూన్‌కు ముందే ఖరారైందని మనవి.

మీ
కార్యదర్శి