అర్ధరాత్రి తలుపు తీసిన సర్జన్‌గారికి, ఆయనతోపాటు మేలుకొన్నవారికి కృతజ్ఞతలు

మార్కాపురంలో మా నాన్నగారి ప్రాణం నిలబెట్టిన సర్జన్‌గారికి, ఆ రాత్రి ఆయనతోపాటు మేలుకొని ఉన్న ప్రతి ఒక్కరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. నిజానికి ఆరు నెలల కిందటే రాయవలసినది. రెండో ఆపరేషన్ కూడా పూర్తయి, కుట్లు మాని, నాన్నగారు ఒంటరిగా బజారుకు వెళ్ళివచ్చేదాకా రాయకూడదని అమ్మ పట్టుబట్టడంతో ఇన్నాళ్ళు ఆగాను. తన పేరు గానీ ఆసుపత్రి పేరు గానీ రాయవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ మాటకు కట్టుబడి ఉంటాను. ఊళ్ళోవాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది.

నాన్నగారికి అరవై మూడేళ్ళు. పదహారో ఏట పలకల పనిలో చేరి, గని నుంచి రాయి మోయడం, పొరలుగా చీల్చడం, కోత యంత్రం దగ్గర నిలబడటం, లారీకెత్తడం అన్నీ చేశారు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళు మీలోనూ ఉంటారు. నోటుపుస్తకాలు వచ్చాక బడిపలకకు గిరాకీ పడిపోయి, ఇప్పుడు అదే రాయిని గోడలకు అంటించే బిళ్ళలుగా, నేలకు పరిచే బండలుగా కోసి ఎగుమతి చేస్తున్నారు. ఆ రాయిలో సిలికా ఉంటుంది. కోసేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. దానికి తోడు నాన్నగారికి రోజుకొక బీడీల కట్ట. పదేళ్ళుగా వదలని దగ్గు. దగ్గిన ప్రతిసారీ, బరువెత్తిన ప్రతిసారీ కడుపులోని ఒత్తిడి గజ్జ దగ్గర కండరం పలచబడిన చోటును తోస్తూ తోస్తూ, చివరకు అక్కడి నుంచి పేగు జారడం మొదలైంది. అది హెర్నియా అని మాకు తెలిసింది ఆ తరువాత. చెప్పుకోవడానికి సిగ్గుపడే చోటు కావడం వల్ల నాన్నగారు నాలుగేళ్ళపాటు గోచీ బిగించి కట్టుకుని పనికి వెళ్తూ, రాత్రిళ్ళు వెల్లకిలా పడుకుని చేత్తో నెమ్మదిగా లోపలికి తోసుకుంటూ గడిపారు. అమ్మకు కూడా తెలియనివ్వలేదంటే నేను మొదట నమ్మలేకపోయాను.

2024 జూలైలో ఒక రాత్రి, భోజనానికి కూర్చోబోతూ వచ్చిన దగ్గుతెరలో ఆ ఉబ్బు బయటికి వచ్చి, ఎంత తోసినా లోపలికి పోలేదు. ఏడున్నరకు నొప్పి మొదలైంది. తొమ్మిదింటికి వాంతులు పట్టుకున్నాయి. ఉబ్బు రాయిలా గట్టిపడి, చెయ్యి తగిలితే ఆయన కేకపెట్టారు. కంభం నుంచి పుట్టింటికి వచ్చి ఉన్న నేను, అమ్మ, పక్కింటి ఆటో బాబాయి కలిసి ఆయనను బయలుదేరదీశాము. మొదట వెళ్ళిన చోట డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చూసి, ఇక్కడ సర్జన్ లేరు, ఒంగోలు తీసుకువెళ్ళండి అన్నారు. రెండోచోటా అదే మాట. వారిని తప్పుపట్టడం లేదు. సర్జన్ లేని చోట చెప్పదగిన సరైన మాట అదే. కానీ ఒంగోలు మాకు వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, గుంటూరు ఇంకా దూరం. ఇరుకు సందులో బిగుసుకున్న పేగుకు రక్తం అందక, గంటలు గడిచేకొద్దీ అది నల్లబడి, చిల్లుపడి, కడుపంతా చీము వ్యాపిస్తుందనీ, ఆరు గంటలలోపు విడిపిస్తే పేగు దక్కే అవకాశాలు మెండుగా ఉంటాయనీ అప్పుడు మాకెవరికీ తెలియదు. అప్పటికే దాదాపు నాలుగు గంటలు గడిచిపోయాయి. "ఒంగోలు సంగతి తర్వాత చూద్దాం అమ్మాయ్. ముందు సారు దగ్గరికి పోదాం, ఆయన పొమ్మంటే అప్పుడు పోదాం" అని బాబాయి ఆటో వెనక్కి తిప్పాడు. బాబాయికి వైద్యం తెలియదు గానీ, పన్నెండేళ్ళ కిందట తన భార్యకు కాన్పు కష్టమైన రాత్రి ఆ తలుపు తెరుచుకోవడం తెలుసు. ఈ కృతజ్ఞతల్లో మొదటి వంతు ఆయనదే.

కింద ఆసుపత్రి, పైన డాక్టరుగారి ఇల్లు. కాలింగ్ బెల్ కొట్టిన మూడు నిమిషాలకు ఆయన లుంగీ మీదనే దిగివచ్చి, నాన్నగారి పొట్ట మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, ఎన్నేళ్ళ నుంచి దాచావయ్యా దీన్ని?" అని అడిగారు. తరువాత నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పారు. మత్తు డాక్టరు ఊళ్ళో లేరని, నడుముకు మత్తు తానే ఇస్తానని, పేగు బాగుంటే పని త్వరగా అయిపోతుందని, చెడి ఉంటే ఆ ముక్క కోసి తిరిగి కలపవలసి వస్తుందని, ఒంగోలే వెళ్తామంటే ఉత్తరం రాసి ఫోన్ కూడా చేసిపెడతానని, తన సలహా మాత్రం ఇక్కడే చేయించుకోవడమని అన్నారు. బెంగళూరులో ఉన్న తమ్ముడికి ఫోనులో ఇవే మాటలు మళ్ళీ మొదటి నుంచి ఓపికగా చెప్పారు. అంతసేపటిలో డబ్బు మాట ఆయన ఎత్తలేదు, మాకూ తోచలేదు.

ఆపరేషన్ సంగతి సిస్టరమ్మ మర్నాడు చెప్పింది. బిగుసుకున్న చోటును విడిపించేసరికి పేగు ముదురు వంగపండు రంగులో ఉందట. డాక్టరుగారు గోరువెచ్చని సెలైన్‌లో తడిపిన గుడ్డలు దాని మీద కప్పి, చేతులు కట్టుకుని గోడగడియారం వంక చూస్తూ నిలబడిపోయారట. ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నా, ఆయన ఏమీ చేయకుండా నిలబడిన ఆ పది నిమిషాలే తనకు అన్నిటికంటే భయం వేసిందని ఆవిడ అంది. పది నిమిషాల తరువాత గుడ్డలు తీస్తే పేగుకు గులాబీ రంగు తిరిగివచ్చి, దాని మీద అలలాంటి కదలిక కనిపించిందట. ఇక కోయవలసిన పని లేకపోయింది. కత్తి చేతిలో ఉన్న మనిషి దాన్ని వాడకుండా ఆగడానికి ఎంత చదువు, ఎంత అనుభవం కావాలో నాకు తెలియదు గానీ, మా నాన్నగారి పేగు పొడవు తగ్గకుండా ఉన్నది ఆ నిరీక్షణ వల్లనే.

ఆ రాత్రి అరగంటలో తలకు నూనె రాసుకున్న జడతోనే వచ్చేసిన ఆ సిస్టరమ్మకు, థియేటర్‌లో సాయం చేసిన కుర్రాడికి, షట్టరు తీసి మందులిచ్చి "లెక్క రేపు చూద్దాం లేమ్మా" అన్న మెడికల్ షాపు యజమానికి, నెత్తురు అవసరమవుతుందేమోనని పిలిస్తే వచ్చి వరండాలో తెల్లవార్లూ కూర్చున్న ఇద్దరు కుర్రవాళ్ళకు నమస్కారాలు. చివరకు రక్తం ఎక్కించవలసిన అవసరం పడలేదు. ఈ రక్తం విషయంలో డాక్టరుగారికి పాత కష్టాలున్నాయి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు తరువాత, 1998 జనవరి నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇచ్చేవారిని నిషేధించి, లైసెన్సు ఉన్న బ్లడ్ బ్యాంకుల ద్వారానే రక్తం తీసుకోవాలన్న నియమాన్ని గట్టిగా అమలుచేశారు. రోగాలు అంటకుండా ఉండాలంటే అది అవసరమైన నియమమేనని ఆయనే అంటారు. కానీ బ్లడ్ బ్యాంకు దూరంగా ఉన్న ఊళ్ళో, అర్ధరాత్రి కాన్పులో నెత్తురు పోతున్న తల్లిని ముందు పెట్టుకున్న సర్జన్‌కు ఆ దూరం ఎంతటిదో చట్టానికి కనపడదు. అందుకే ఏ గ్రూపువారు ఏ వీధిలో ఉన్నారో, వారిని ఏ బండి మీద ఎంతసేపటిలో బ్లడ్ బ్యాంకుకు పంపవచ్చో రాసుకున్న పుస్తకం ఒకటి ఆయన బల్లసొరుగులో ఎప్పుడూ ఉంటుంది.

నాన్నగారు అక్కడ ఉన్న ఆరు రోజుల్లో, పక్క మంచాల వారి ద్వారా, సిస్టరమ్మ ద్వారా డాక్టరుగారి జీవితం కొంత తెలిసింది. దగ్గరి పల్లెలో బడిపంతులుగారి కొడుకు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, అక్కడే సర్జరీలో పీజీ చేసి, తోటివారు విజయవాడకో విదేశాలకో వెళ్ళినా తాను 1996లో ఇక్కడికి వచ్చి రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. పేరుకు సర్జన్ అయినా, ఎద్దు కుమ్మిన పొట్ట, గనిలో నలిగిన వేళ్ళు, కిరోసిన్ స్టవ్ కాలిన గాయాలు, పాముకాట్లు, అడ్డం తిరిగిన కాన్పులు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. తొలి రోజుల్లో సామాన్లు శుద్ధి చేయడానికి పెద్ద ప్రెషర్ కుక్కరే ఆధారం. ఆపరేషన్ మధ్యలో కరెంటు పోతే కాంపౌండర్ టార్చిలైటు పట్టుకునేవాడు. ఆదివారాలు నల్లమలలో దోర్నాల వైపు చెంచుగూడేలకు వెళ్ళి చూసివస్తారు. ఊరు దాటి రాత్రి బయట ఉండవలసి వస్తే ముందుగా సిస్టరమ్మకు, మెడికల్ షాపుకు చెప్పి వెళ్తారట. ఇరవై ఎనిమిదేళ్ళలో అలాంటి రాత్రులు ఎన్నో వాళ్ళిద్దరూ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలరు.

ఆయన శాంతమూర్తి అని రాస్తే ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు. కోపం ముక్కు మీదనే ఉంటుంది. మూడో రోజున దిండు కింద బీడీ దొరికినప్పుడు నాన్నగారికి పడిన చీవాట్లు వీధి చివరిదాకా వినిపించాయి. పెద్ద కేసులను గుంటూరుకు పంపించేస్తారని ఒక ఫిర్యాదు కూడా ఊళ్ళో ఉంది. తనకు సాధ్యం కానిదేదో ఆయనకు తెలుసు కాబట్టే, సాధ్యమని ఆయన చెప్పిన మాటను ఆ రాత్రి మేము నమ్మగలిగామని నా అభిప్రాయం.

నాన్నగారికి రెండోవైపు కూడా చిన్న హెర్నియా ఉందని డాక్టరుగారు అప్పుడే గుర్తించారు. దానికి తొందర లేదని, ముందు దగ్గు సంగతి చూడాలని, దగ్గు తగ్గకుండా కుడితే గోడ కూలుతుండగా సున్నం వేసినట్టేనని అన్నారు. కఫం పరీక్షలో క్షయ లేదని తేలింది. ఎక్స్‌రేలో ధూళి చేసిన పని కనిపించింది. అది పోయేది కాదు, పెరగకుండా చూసుకోవలసిందే. నాలుగు నెలలు ఇన్‌హేలర్ వాడి, బీడీ మాని, కోత యంత్రం దగ్గర నుంచి తప్పుకుని లెక్కలు రాసే పనిలోకి మారాక నవంబరులో రెండో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. పలచబడిన కండరానికి బలంగా ఈ రోజుల్లో మెష్ అనే ఒక వలగుడ్డ పెట్టి కుడతారు. కంపెనీ మెష్ ఖరీదైనది. మహారాష్ట్రలో ధూళే జిల్లాలోని దొండాయిచా అనే చిన్న ఊరిలో సర్జన్‌గా పనిచేసిన డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్కర్, ఆ మెష్‌కూ మామూలు దోమతెర గుడ్డకూ అల్లికలో పెద్ద తేడా లేదని గమనించి, మందు పూయని దోమతెరను ముక్కలుగా కత్తిరించి, ఆవిరిలో శుద్ధిచేసి వాడి, తోటి సర్జన్లతో కలిసి 2003లో ఆ ఫలితాలు ప్రచురించారు. తరువాత ఉగాండాలో 302 మంది పురుషుల మీద, సుమారు ఒక డాలరు ఖర్చయ్యే అలాంటి దోమతెర గుడ్డనూ వంద డాలర్లు దాటిన కంపెనీ మెష్‌నూ పోల్చి చూస్తే, ఏడాది తరువాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డాక్టరుగారు ఇదంతా వివరించి, రెండింటిలో ఏది కావాలో మమ్మల్నే ఎంచుకోమన్నారు. నాన్నగారు దోమతెరే అన్నారు. "ఇకనుంచి ఆయన పొట్టలోకి దోమ దూరదు లే" అని పలకల షెడ్డులో ఇప్పటికీ నవ్వుకుంటున్నారు. ఇంట్లో ఉన్న దోమతెర చూసి ఎవరూ సొంత ప్రయోగాలు చేయకండి, దాని ఎంపికకూ శుద్ధికీ పద్ధతి ఉంది.

ఈసారి నడుముకు మత్తు కూడా ఇవ్వలేదు. అక్కడికక్కడ తిమ్మిరెక్కే ఇంజక్షన్లతోనే చేశారు. వల కుట్టడం అయ్యాక, పైచర్మం మూసేముందు డాక్టరుగారు చెయ్యి ఆపి, "పెద్దాయనా, ఇప్పుడు దగ్గు, గట్టిగా దగ్గు" అన్నారట. కుట్టు నిలబడిందో లేదో చూడటానికి అదే పరీక్ష. పదేళ్ళుగా అడగకుండానే వచ్చిన దగ్గు, అడిగిన ఆ క్షణాన ఎంత ప్రయత్నించినా రాలేదని నాన్నగారు చెబుతుంటే అమ్మ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వింది. చివరకు సిస్టరమ్మ దగ్గి చూపించవలసి వచ్చిందట.

రెండు ఆపరేషన్లకూ కలిపి ఆయన తీసుకున్న డబ్బు, ఆ రాత్రి ఒంగోలుకు కారు మాట్లాడుకుని, అక్కడ నాలుగు రోజులు మకాం పెట్టి ఉంటే అయ్యే ఖర్చుకు మించలేదు. అంకె రాస్తే తనకు పోట్లాటలు వస్తాయన్నారు కాబట్టి రాయడం లేదు. ఇది రాయడానికి అనుమతి ఇస్తూ ఆయన పెట్టిన షరతు ఒక్కటే. గజ్జలో ఉబ్బు ఉన్నవాళ్ళు సిగ్గుపడి దాచుకోకుండా పగటిపూటే వచ్చి చూపించుకోవాలనీ, ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పితో పాటు వాంతులు మొదలైతే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదనీ, చేత్తో బలవంతంగా తోయకూడదనీ, ఏమీ తినిపించకుండా, తాగించకుండా సర్జన్ ఉన్న అతి దగ్గరి చోటికి బయలుదేరాలనీ ఇందులో తప్పక రాయమన్నారు. రాశాను.

నాన్నగారు తాను స్వయంగా చెక్కిన పలకరాతి ఫలకం ఒకటి తీసుకువెళ్ళి ఇవ్వబోతే, డాక్టరుగారు దాన్ని పక్కన పెట్టి, "ఇది కాదయ్యా, మీ షెడ్డులో గోచీ బిగించుకుని తిరిగేవాళ్ళు ఇంకా ఎందరున్నారో వాళ్ళను పట్టుకురా" అన్నారు. ఇప్పటికి ముగ్గురిని తీసుకువెళ్ళారు. నాలుగో ఆయన పోయిన సోమవారం ఆసుపత్రి మెట్లదాకా వచ్చి, బీడీ తాగి వస్తానని చెప్పి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. రేపు ఉదయం నాన్నగారు, ఆటో బాబాయి కలిసి ఆయన ఇంటికే వెళ్తున్నారు.