మా ఆధార్ దాచండి, మస్టర్లు కాదు: ఐటీ మంత్రి గారికి అనంతపురం నుంచి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను అనంతపురంలో ఉంటాను. సోమవారాలు కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ జరిగేటప్పుడు చదువు రానివాళ్లకు అర్జీలు రాసిపెడుతుంటాను. పింఛను ఆగిపోయిందనో, పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడిందనో, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదనో వచ్చేవాళ్లే ఎక్కువ. ఈమధ్య ఇంకో రకం అర్జీ వస్తోంది, "సార్, నేను బ్యాంకుకు పోనేలేదు, నా అకౌంట్లో డబ్బు పోయింది" అని.

శింగనమల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ శనక్కాయలు అమ్మిన డబ్బు బ్యాంకులో వేసుకుంది. ఆమెకు ఏటీఎం కార్డు లేదు. ఓటీపీ ఎవరికో చెప్పి మోసపోయింది అందామంటే సొంత ఫోనే లేదు. అయినా పది వేలు డ్రా అయిపోయాయి, అది కూడా ఆమెకు పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకున్నప్పుడే తెలిసింది. బ్యాంకులో అడిగితే "నీ వేలిముద్ర పడింది కదమ్మా, నువ్వే తీసుకునింటావు" అన్నారట. తాను తీసుకోలేదని ఆమె ఏ కాగితం చూపించి రుజువు చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆధార్‌తో డబ్బు తీసుకునే ఈ పద్ధతిని ఏఈపీఎస్ అంటారని మీకు తెలుసు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. బ్యాంకు బ్రాంచి దూరంగా ఉన్న ఊళ్లకు ఇది చాలా మేలు చేసింది, దాన్ని ఆపేయమని నేను అడగడం లేదు. కానీ ఆ మూడింట్లో రహస్యంగా ఉండేది ఏది చెప్పండి. ఊరికి దగ్గర్లో ఉన్న బ్యాంకు ఏదో అందరికీ తెలుసు. ఆధార్ నంబరు ప్రతి జిరాక్స్ మీదా ఉంటుంది. ఇక వేలిముద్ర అంటారా, అది రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉంటుంది. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులు అమ్మే ఒకతను ఆన్‌లైన్‌లో దొరికిన దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, నకళ్లు తయారుచేసి, వేరేవాళ్ల పేర్ల మీద సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. తర్వాత అదే పద్ధతిలో ఏకంగా బ్యాంకు ఖాతాలే ఖాళీ చేసిన ముఠాలు పోలీసులకు దొరికాయి. అంటే దారి ఎక్కడుందో మనకు ఏళ్ల క్రితమే తెలుసు.

జాగ్రత్త చెప్పేవాళ్లు ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోమంటారు. చదువుకున్నవాళ్లకు, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు అది మంచి సలహానే. మా వాళ్లకు రేషన్ బియ్యం కావాలన్నా, ఒకటో తారీఖున పింఛను కావాలన్నా మిషన్ మీద వేలు పెట్టాలి. లాక్ చేస్తే ఆ వేలు పడదు, మళ్లీ తీయాలంటే ఆధార్‌కు లింకయిన ఫోన్ నంబరు ఉండాలి, ఆ నంబరు బెంగుళూరులో కూలికి పోయిన కొడుకు దగ్గర ఉంటుంది. పేదవాళ్ల వేలు ఎప్పుడూ తెరిచే ఉండాలని ఏర్పాటు చేసింది ప్రభుత్వమే, కాబట్టి దాన్ని కాపాడే బాధ్యత కూడా ప్రభుత్వానిదే అని నా వాదన.

ఆధార్ నంబర్లు బయటికి పోవడం అంటే హ్యాకర్లు అంటారు గానీ, మన రాష్ట్రం సంగతి వేరు. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో కలిపి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని అందులో రాశారు. ఆ నాలుగింట్లో రెండు ఆంధ్రప్రదేశ్‌వి, ఒకటి చంద్రన్న బీమా, ఇంకొకటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది. ఏడాది తిరక్కుండానే, 2018 ఏప్రిల్‌లో, హౌసింగ్ లబ్ధిదారులు లక్షా ముప్పై వేల మందికి పైగా వివరాలు, ఆధార్‌తో పాటు కులం, మతం, బ్యాంకు ఖాతా సహా వెబ్‌సైట్‌లో కనిపించాయి. ఆధార్ నంబర్లు బహిరంగంగా పెట్టకూడదని 2016 ఆధార్ చట్టమే చెబుతోంది, వాటిని పెట్టింది మాత్రం ఆఫీసులే. మీకు ముందున్న ప్రభుత్వాలా, మీ ప్రభుత్వమా అనే లెక్క నాకు వద్దు, పోయిన నంబర్లు మావి.

ఇప్పుడు అసలు నన్ను బాధపెడుతున్న సంగతికి వస్తాను. ఉపాధి హామీ పథకం దేశమంతటికీ మొదలైంది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. అదే ఏడాది ఇక్కడ సోషల్ ఆడిట్లు, అంటే ఊరివాళ్ల ముందే పథకం లెక్కలు తనిఖీ చేయడం, కూడా పెద్ద ఎత్తున జరిగాయి. గ్రామసభలో మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, చదివేవాళ్లు, ఫలానావాళ్లు ఇన్ని రోజులు పని చేశారు, ఇంత కూలి తీసుకున్నారు అని. చచ్చిపోయినవాళ్ల పేర్లు, ఊళ్లోనే లేనివాళ్ల పేర్లు మస్టర్లలో ఉంటే అక్కడికక్కడే లేచి అడిగేవాళ్లు. పేరు, పనిదినాలు, కూలి డబ్బు అందరి ముందూ ఉన్నాయి కాబట్టే అది కుదిరింది. దానికి ఆధార్ నంబరు అక్కర్లేదు, బ్యాంకు ఖాతా నంబరు అంతకన్నా అక్కర్లేదు.

2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 44వ సెక్షన్‌తో, సమాచార హక్కు చట్టాన్ని మార్చింది. 2025 నవంబరులో రూల్స్‌తో పాటు ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఇదివరకు ప్రజా వ్యవహారంతో సంబంధం లేని, లేదా ఒకరి గోప్యతను అకారణంగా భంగపరిచే సొంత సమాచారం మాత్రమే ఇవ్వకుండా ఉండొచ్చు. ఇప్పుడు "ఇది వ్యక్తిగత సమాచారం" అంటే చాలు, ఆపేయొచ్చు. ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనే సెక్షన్ ఒకటి మిగిలి ఉంది నిజమే, కానీ అది అధికారి మనసు మీద ఆధారపడింది. మస్టర్లో దొంగ పేర్లు రాసినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఇక మమ్మల్ని కాపాడే భాగాలు, డేటా భద్రత బాధ్యతలు, లీకైతే మాకు చెప్పాలనే నిబంధన, అవి 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో గానీ మొదలుకావు. మూత ముందు వచ్చింది, రక్షణ తర్వాత వస్తుందట.

ఆ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, ఆ డబ్బు కేంద్ర ఖజానాకు పోతుంది. నష్టపోయిన మనిషికి పరిహారం అనే మాటే లేదు. ఐటీ చట్టంలో కంపెనీల నుంచి పరిహారం అడగడానికి ఉన్న 43ఏ సెక్షన్‌ను కూడా తీసేయడానికే దీన్లో రాసుకున్నారు. పైగా పసలేని ఫిర్యాదు చేస్తే ఫిర్యాదుదారుకే పదివేల దాకా జరిమానా. డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్లకు ఈ సంగతి చెప్తే ఇంకెవరైనా అర్జీ పెడతారా?

ఇది కేంద్ర చట్టమని నాకు తెలుసు. మీ చేతిలో ఉన్నవే అడుగుతున్నాను. ఆన్‌లైన్‌లో ఇచ్చే దస్తావేజు కాపీల్లో వేలిముద్రలు, ఆధార్ నంబర్లు కనిపించకుండా చేయండి, పాతవాటితో సహా. గ్రామ, వార్డు సచివాలయాల్లో, ఆఫీసుల్లో ఆధార్ జిరాక్సులు తీసుకోవడం మానిపించండి, తప్పదంటే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలని ఆర్డర్ ఇవ్వండి. ఆ జిరాక్సులు చివరికి ఎక్కడికి పోతాయో ఎవరూ పట్టించుకోరు, మా దగ్గర ఉగ్గానితో ఇచ్చే బజ్జీల కింద కాగితం తిరగేస్తే ఎవరిదో దరఖాస్తు ఉంటుంది. వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు ఇచ్చే వాట్సాప్ గవర్నెన్స్ మంచిదే, కానీ ఫోన్ లేనివాళ్లు నెట్ సెంటర్ అతని వాట్సాప్ నుంచే దరఖాస్తు పెడుతున్నారు, ఊరందరి సర్టిఫికెట్లూ ఆ ఫోన్‌లోనే ఉండిపోతున్నాయి. అలాంటివాళ్లకు సచివాలయంలోనే చేసిపెట్టి, వివరాలు అక్కడే తుడిచేసే ఏర్పాటు కావాలి. ఏఈపీఎస్‌లో డబ్బు పోయినవాళ్ల తరఫున సచివాలయం సిబ్బందే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు చేతికివ్వాలి. ఏఈపీఎస్ అనేది అడిగినవాళ్లకే తెరవాలి తప్ప అందరికీ ముందే తెరిచిపెట్టకూడదని రిజర్వ్ బ్యాంకుకు ప్రభుత్వం తరఫున లేఖ రాయండి.

పథకాల జాబితాలు, మస్టర్లు మాత్రం పేరు, ఊరు, పనిదినాలు, డబ్బుతో సహా పంచాయతీ గోడ మీద ఎప్పటిలాగే ఉంచండి. సమాచార హక్కు కింద అవి అడిగితే "వ్యక్తిగతం" అని తిప్పి పంపొద్దని ఎంపీడీవో ఆఫీసులకు ఒక సర్క్యులర్ ఇప్పించండి. దానికి 2027 దాకా ఆగాల్సిన పనిలేదు.