రెడ్ డాట్ ప్లేట్ బిగించేవాళ్లకి

అందరికీ నమస్కారం. నిన్న ఒంగోలులో ప్రాక్టీస్ చేస్తుంటే నా పిస్టల్ మీది రెడ్ డాట్ (గురికి ఎర్ర చుక్క చూపే సైట్) రెండో మ్యాగజైన్‌కే కదిలింది. విప్పి చూస్తే స్క్రూ మరల్లో నూనె అలాగే ఉంది.

నెల్లూరు తమ్ముళ్లు ప్లేట్ (సైట్‌ని పిస్టల్‌కి బిగించే పలక) కొనేముందు సైట్ అడుగు కొలత, అంటే స్క్రూ రంధ్రాల అమరిక చూసుకోండి. ట్రిజికాన్ కంపెనీ ఆర్ఎంఆర్ సైట్ కొలత ప్లేటు మీద షీల్డ్ కంపెనీ కొలత సైట్లు కూర్చోవు. పొడుగు స్క్రూ వేస్తే కొన్ని పిస్టళ్లలో లోపల ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటా గొట్టాన్ని బయటికి లాగేది) భాగాలకి తగిలి పట్టేస్తుంది.

ముందు మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీయేనా అని కంటితో, వేలితో చూడండి. మరలు ఆల్కహాల్‌తో తుడిచి, నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎర్రది అసలు వద్దు, వేడి చేస్తేగాని ఊడిరాదు. టార్క్ (స్క్రూ బిగింపు బలం) కంపెనీ చెప్పినంతే, ఎక్కువగా 12–15 ఇంచ్ పౌండ్లు ఉంటుంది. స్క్రూ తల నుంచి పక్కకి పెయింట్ గీత గీస్తే కదిలిందో లేదో వెంటనే తెలుస్తుంది. 24 గంటలు ఆరనివ్వండి.

ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) పిస్టల్ పోటీలకి రెడ్ డాట్ పనికిరాదు, అక్కడ ఓపెన్ సైట్లే, అంటే అద్దం, చుక్క లేని మామూలు సైట్లే.