మింగడం పరీక్షించకుండా డిశ్చార్జి చేయకండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడం కష్టమవుతుంది. అన్నం, నీళ్లు, చివరికి సొంత ఉమ్ము కూడా దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నిమ్ము చేస్తుంది. మందులతో నిమ్ము తగ్గగానే ఇంటికి పంపిస్తారు. మింగడం సంగతి ఎవరూ పట్టించుకోరు. కొన్నాళ్లకే మళ్లీ జ్వరం, ఆయాసం, మళ్లీ అదే వార్డు.

మా నాన్నగారి డిశ్చార్జి చీటీలో 'ద్రవాహారం ఇవ్వండి' అని మాత్రమే రాశారు. అందుకే పలచటి మజ్జిగ, కొబ్బరినీళ్లు పట్టాం. మింగే కండరాలు మందగించినవాళ్లకు పలచటివే ఎక్కువ ప్రమాదం. శ్వాసనాళం మూసుకునేలోపే జారిపోతాయి. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని మాడు మీద తట్టడం మన ఇళ్లలో అలవాటు. అసలు దగ్గే రాకుండా తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయేవాళ్లూ ఉంటారు, వాళ్ల గురించి ఇంకా భయం.

రెండోసారి చేరినప్పుడు స్పీచ్ థెరపిస్టు వచ్చారు. నాన్నను నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా నీళ్లిచ్చి, గొంతుముడి మీద వేళ్లానించి అది పైకి లేస్తోందో లేదో చూశారు. మింగాక 'ఆ' అనమన్నారు. గొంతు గరగరలాడితే అనుమానించాలట. జావ ఎంత చిక్కగా ఉండాలో చెంచా వంచి అమ్మకు చూపించారు. ఈ తొలి పరీక్షకు యంత్రమేమీ అక్కర్లేదు, తెలిసిన మనిషి ఉంటే చాలు.

ఆ మనిషే మన జిల్లాల్లో కరువు. స్పీచ్ థెరపిస్టంటే మాటలు రాని పిల్లల కోసమే అనుకుంటున్నాం. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రికి 10 పడకల వార్డు, ఫిజియోథెరపిస్టు ఉండాలని ఉంది. మింగడం నేర్పేవాళ్లనూ అక్కడ నియమించండి. వాళ్లు వచ్చేదాకా ఆగకుండా, పక్షవాతం రోగికి నోట్లో తొలి గుక్క పోసేముందు పరీక్షించేలా నర్సులకు శిక్షణ ఇప్పించండి.

నోటి శుభ్రతకూ ఇందులో పెద్ద పాత్ర ఉంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాల్లో రెండేళ్లు జరిపిన అధ్యయనం 2002లో వెలువడింది. రోజూ నోరు శుభ్రం చేయించుకున్నవాళ్లలో నిమ్ము 11 శాతం మందికి వస్తే, మిగతావాళ్లలో 19 శాతం మందికి వచ్చింది. పళ్లు ఊడిపోయినవాళ్లకూ మేలు కనిపించింది. మన వార్డుల్లో ముసలివాళ్ల నోరు ఎవరు కడుగుతున్నారో ఒకసారి కనుక్కోండి.

డిశ్చార్జి చీటీలో మందుల కింద ఇంకో మూడు వరుసలు తప్పనిసరి చేయండి: ఏది తినిపించాలి, ఎంత చిక్కగా, ఎలా కూర్చోబెట్టి. అది తెలుగులో ఉండాలి, తినిపించే మనిషికి చదివి వినిపించాలి.

ఇట్లు,
ఒక కూతురు, కరీంనగర్