బీరువా లేని పడకగదులు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పడకగది అలంకరణ మీద వేసిన రెండు పేజీలూ చదివాను. ఫొటోలు బాగున్నాయి. ఆరు గదులు వేశారు. ఆరింటిలోనూ బీరువా లేదు, ఫ్యాను లేదు, దోమతెర లేదు. మంచం కింద ట్రంకుపెట్టె సంగతి సరేసరి. వాటిల్లో మనుషులు పడుకుంటారో, ఫొటో అయిపోగానే హాల్లోకొచ్చి చాప వేసుకుంటారో నాకు అంతుపట్టలేదు.

నేను 31 ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఉండేది మచిలీపట్నంలో, అదే బందరులో. మా పడకగది 10 అడుగులకు 11. ఉప్పుగాలికి గోడలు పెచ్చులూడుతుంటే మొన్న వేసవిలో గది మొత్తం బాగుచేయించాం. ఆ తంటాలు మీ పాఠకుల్లో కొందరికైనా పనికొస్తాయని రాస్తున్నాను.

హైదరాబాదు నుంచి మా అబ్బాయి ఒక ఇంటీరియర్ కంపెనీ చేత కంప్యూటర్ బొమ్మ వేయించి పంపాడు. గోడలు బూడిదరంగు, మంచం బూడిదరంగు, దుప్పటీ అదే. "అన్నీ మ్యాచింగే నాన్నా" అన్నాడు. మా ఆవిడ ఆ బొమ్మ చూసి, "గదిలో ముసురు పట్టినట్టుందండీ" అంది. పైగా ఫాల్స్ సీలింగు ఒకటి. మా శ్లాబు ఎత్తే 9 అడుగుల 8 అంగుళాలు. దాన్ని ఇంకా కిందికి దించితే ఫ్యాను రెక్కలకీ సీలింగుకీ మధ్య ఎడం ఉండదు, గాలి సరిగా ఆడదు. బందరులో మే నెల ఉక్కపోత ఎరిగినవాళ్లెవరూ ఆ పని చేయించుకోరు.

మీ వ్యాసంలో ముందు ఒక థీమ్ ఎంచుకోమన్నారు. ఎక్కణ్ణుంచి ఎంచుకోవాలో మాత్రం చెప్పలేదు. మా ఇంట్లో కదలనివి రెండున్నాయి. ఒకటి మా మామగారిచ్చిన టేకు పందిరిమంచం, రెండోది స్టీలు బీరువా. వాటిని తీసేసే ప్రసక్తి లేదు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెట్టాం. మంచానికి తగిన దుప్పటి కోసం పెడన వెళ్లాను. స్క్రీన్ ప్రింట్లు కలంకారీ పేరుతో చాలా దొరుకుతున్నాయి గానీ నాకు చెక్క అచ్చులతో అద్దింది కావాలి. బట్టను కరక్కాయ నీళ్లలో తడిపి, ఇనప తుప్పూ బెల్లం ఊరబెట్టిన నల్లరంగుతో గీతలు అద్ది, పటిక అద్దినచోట ఎరుపెక్కేలా రంగునీళ్లలో ఉడకబెడతారు. అచ్చుకీ అచ్చుకీ అతుకు పడినచోట గీత వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. ఆ తేడా వెతుక్కుని మరీ కొన్నాను. అచ్చు చెక్కేదీ టేకులోనే, మా మంచమూ టేకే. ఆ చుట్టరికం నాకు బలే నచ్చింది.

ఇక మిగతా రంగులన్నీ ఆ దుప్పటిలోంచే తీసుకున్నాం. దుప్పటి నేల మీగడరంగు, దానిమీద పువ్వులు ఇటుక ఎరుపు, గీతలు నలుపు, అక్కడక్కడ నీలిమందు నీలం. గోడలకు మీగడ, కిటికీలకు ఎర్రంచు ఉన్న మంగళగిరి తెల్లబట్ట. నీలం ఒక్క మోడా మీద గలేబుకే. పెద్ద డిజైను గదిలో ఒక్కటే ఉండాలి, అది దుప్పటి మీద ఉంది. అంతకుముందు మా తూర్పు కిటికీకి గులాబీల కర్టెను, ఉత్తరం కిటికీకి నెమళ్ల కర్టెను ఉండేవి. పిల్లలకు రంగుల పొందిక నేర్పిన మాస్టారి ఇల్లది!

గోడ రంగు దగ్గర నేను బోల్తాపడ్డాను. దుప్పటి పట్టుకెళ్లి పెయింట్ల షాపులో ట్యూబులైటు కింద కార్డు చూసి మీగడరంగు తెచ్చాను. ఒక గోడ వేశాక పొద్దున్నే చూస్తే పలచటి పెసరపప్పు కట్టులా ఉంది. అప్పుడు బుద్ధొచ్చి నాలుగు చిన్న డబ్బాలు తెచ్చి గోడమీద అడుగేసి చదరాలు పూసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూసుకుని ఒకటి ఖాయం చేశాం. లైటు సంగతీ అప్పుడే తేలింది. తెల్లగా వెలిగే 6500 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) ట్యూబు కింద దుప్పటి ఎరుపు పాలిపోతుంది. 2700 కెల్విన్ పసుపుపచ్చ బల్బు కింద ఎరుపు నిగనిగలాడుతుంది గానీ నీలం నల్లగా కనపడుతుంది. మేం రెండూ ఉంచుకున్నాం. మాత్రలు వెతుక్కోవడానికి ట్యూబు, పడుకునేముందు బల్బు.

బీరువా నాచురంగులో ఉండేది. మోటారు బళ్లకు రంగులేసే షెడ్డుకు రిక్షాబండి మీద పంపించి, తుప్పు గీకించి, గోడరంగే డ్యూకో కొట్టించాను. "ఇదేం కారు మాస్టారూ" అని నవ్వాడా కుర్రాడు. ఇప్పుడది గోడలో కలిసిపోయింది. గదిలోకి రాగానే చూపు మంచం మీదికి వెళుతుంది గానీ బీరువా మీదికి పోదు. కొత్త వార్డ్‌రోబు ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

మా కోడలి మాట కూడా చెప్పాలి. గోడకు నేను తగిలించుకున్న పదకొండు బొమ్మలు చూసి, "మావయ్యగారూ, ఒక్కటి ఉంచండి చాలు" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మర్నాడు పదీ దింపాను. ఆ అమ్మాయి చెప్పిందే నిజం.

ఇంకో ముచ్చట. ఇంగ్లండులో డేవిడ్ గ్యారిక్ అనే నటుడి పడకగదికి థామస్ చిప్పెండేల్ అనే పేరుమోసిన ఫర్నిచర్ పనివాడు మంచం చేశాడు. దానికి వేలాడదీయాలనుకున్న తెరలు మన దేశపు అద్దకం బట్ట. అప్పట్లో అక్కడ వాటి మీద నిషేధం ఉండేది. 1775లో కస్టమ్స్ వాళ్లు వచ్చి పట్టుకుపోయారు. ఆ మంచం ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అదీ మాదానిలాగే నాలుగు స్తంభాల పందిరిమంచం, చుట్టూ తెరలు. మాకు కట్టేది దోమతెర, అంతే తేడా.

మీకు నా మనవి ఒక్కటే. వచ్చే అనుబంధంలో ఒక్క మామూలు గదినైనా వేయండి. 10 అడుగులకు 11 గది, ఫ్యాను తిరుగుతూ, దండెం మీద తువ్వాలుతో. ఫొటోగ్రాఫరు బందరు వస్తానంటే మా గది చూపిస్తాం, మజ్జిగ కూడా ఇస్తాం. ఫొటో కోసం బీరువా పక్కకు జరపమంటే మాత్రం జరపం. దాని వెనక గోడ ఇంకా పెసరపప్పు కట్టు రంగులోనే ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
మచిలీపట్నం